నిశ్శబ్ద భోజనశాల ప్రారంభోత్సవం

విహారానికి వచ్చినవాళ్లు తగినంత ఆనందంగా ఉండడం లేదని ఉల్లాస యాత్రల సంస్థ వారికి ఈమధ్యే తెలిసింది. ఎలా తెలిసిందంటే, సంస్థ విడిదుల్లో దిగినవాళ్లు సాయంత్రం పూట ఊరికే కూర్చుని సముద్రం చూస్తున్నారట. కొందరైతే పక్కవాళ్లతో మాట్లాడను కూడా మాట్లాడడం లేదట. ఇంత దూరం వచ్చి నోరు మెదపకుండా కూర్చున్న మనిషి ఆనందంగా ఉన్నాడంటే ఏ అధికారి మాత్రం నమ్ముతాడు? అందుచేత 'విందు-చిందు' అనే పథకం పెట్టారు. రాత్రి భోజనం, ఆటాపాటా ఒకే హాల్లో, ఒకే వేళకి. అన్నం తినాలంటే ఆనందించక తప్పదు.

ఈ సంగతి మాకు పాలరేవులో సంస్థ వారి విడిది చేరేదాకా తెలియదు. గది బుక్ చేసుకునేటప్పుడు చూసిన ఫొటోల్లో సముద్రమే ఉంది, చిందు లేదు.

మేం నలుగురం వెళ్లాం. మా వారు, మా అత్తయ్యగారు, నేను, మా అమ్మాయి హారిణి. హారిణికి తొమ్మిదేళ్లు. దానికి ఆటిజం ఉంది. ఈ మాట చెప్పగానే జనం గొంతు తగ్గించి "అయ్యో" అంటారు. ఆ అయ్యో ఎందుకో మాకు అర్థం కాదు కానీ, గొంతు తగ్గించినంతవరకూ మాకు సంతోషమే. ఎందుకంటే పెద్ద చప్పుడు దానికి చెవిలో పడదు, ఒంటిమీద పడుతుంది. ఇంట్లో నేను మిక్సీ వేసేముందు చెప్పి వేస్తాను. పెళ్లిళ్లకి బ్యాండువాళ్లు వెళ్లిపోయాక వెళ్తాం. అది తెల్లటివే తింటుంది. ఇడ్లీ, పెరుగన్నం. రాత్రి ఎనిమిదికి తింటుంది. ఆ వేళ తప్పితే ఇక తినదు, ఏడుస్తుంది. ఏడుపు మొదలైతే తెల్లవారేదాకా ఆగదు, మర్నాడు పెట్టె సర్దుకుని ఇంటిదారి పట్టడమే. కిందటిసారి అలాగే జరిగి, మళ్లీ ప్రయాణం మాటెత్తడానికి మాకు నాలుగేళ్లు పట్టింది.

అందుకని ఈసారి అన్నీ ఆలోచించుకునే బయల్దేరాను. అందులో ముఖ్యమైనది బుల్లి రైస్ కుక్కరు. దాన్ని గేటు దగ్గరే పట్టుకున్నారు.

"ఇదేవిటమ్మా?" అన్నారు మేనేజరు కొండలరావుగారు. నిండైన మనిషి. మెడలో సంస్థ వారి పసుప్పచ్చ కండువా, కండువా మీద నవ్వుతున్న ముఖం బొమ్మ.

"కుక్కరండీ. పాపకి కాస్త అన్నం వండుకోడానికి."

"గదుల్లో వంట నిషిద్ధం. అయినా వంట దేనికమ్మా? రాత్రికి మన విందులో ముప్పై రకాలు."

"దానికి ఒక్క రకం చాలండీ. ఇడ్లీ కానీ, పెరుగన్నం కానీ."

"రెండూ ఉంటాయి! వేడివేడిగా ఉంటాయి!"

ఎక్కడ ఉంటాయో ఆయన చెప్పలేదు, నేను అడగలేదు. కుక్కరు వాళ్ల అల్మారాలోకి వెళ్లిపోయింది.

మధ్యాహ్నమంతా బాగానే గడిచింది. హారిణి మోకాళ్లలోతు నీళ్లలో నిలబడి, అల వచ్చినప్పుడల్లా రెండు చేతులూ ఊపుతూ నవ్వింది. అంత నవ్వు మేం ఈ ఏడాదిలో చూడలేదు.

"సముద్రానిదీ చప్పుడే కదా, దీనికి భయం వెయ్యదేం?" అన్నారు మా వారు.

"సముద్రానికి మైకు లేదురా" అన్నారు అత్తయ్యగారు.

చీకటి పడ్డాక భోజనానికి బయల్దేరాం. హాలు ఇంకా పచ్చిక అవతల ఉందనగానే హారిణి ఆగిపోయింది. రెండు చేతులూ చెవులమీద పెట్టుకుంది. నేను చెవులు మూసుకోలేదు గానీ, కాళ్ల కింద నేల అదరడం నాకూ తెలిసింది. దాన్ని వాళ్ల నాన్న దగ్గర పచ్చిక చివర ఉంచి, నేనూ అత్తయ్యగారూ గుమ్మం దాకా వెళ్లాం.

లోపల వేదిక మీద ఒకమ్మాయి మైకు పట్టుకుని, "పాలరేవూ! వినబడడంలేదూ!" అని అరుస్తోంది. మనుషుల ఎత్తు సౌండ్ బాక్సులు నాలుగు. నాదస్వరం, డప్పులు, డీజే ఒకేసారి మోగుతున్నాయి. ప్లేట్లు పట్టుకున్న జనం కూడా మధ్యమధ్యలో కేకలు పెట్టి, మళ్లీ తినడంలో పడుతున్నారు. ఎందుకో తర్వాత అర్థమైంది. వేదిక పక్కన గోడకి ఎర్రటి అంకెలు వెలిగే పెట్టె ఒకటి వేలాడుతోంది. దానిపేరు ఉల్లాసమాపకం. చప్పుడు కొలుస్తుంది. చప్పుడే ఆనందమని సంస్థ వారు నిర్ణయించారు కాబట్టి ఆనందం కొలిచినట్టే. అంకె తొంభై కిందికి దిగితే వేదిక మీది అమ్మాయి ప్రోగ్రాం ఆపేసి, "పూరీ సెక్షన్! పప్పు సెక్షన్! ఏవైంది మీకు?" అని నిలదీస్తోంది.

ఇడ్లీలు కనబడుతూనే ఉన్నాయి. గుమ్మానికి ఎడంపక్క బల్లమీదే ఉన్నాయి. నేను ఒక ప్లేటు తీసుకుని, రెండు ఇడ్లీలు పెట్టుకుని వెనక్కి తిరిగాను.

"అమ్మా! పాత్ర హాలు దాటరాదు!"

కోటు వేసుకున్న కుర్రాడు. జేబుకి ఉన్న బిళ్లమీద 'ధనుంజయ, ఉల్లాసాధికారి' అని ఉంది.

"మా పాప బయట ఉందండీ. లోపలి చప్పుడు దానికి పడదు. ఇది ఇచ్చేసి ప్లేటు తెచ్చేస్తాను."

"ప్లేటు సమస్య కాదమ్మా. ఆహారమే దాటరాదు. అతిథి దాటవచ్చు, ఆహారం దాటరాదు. నియమావళి."

"ఎందుకో చెప్తారా?"

అతను చెప్పడానికి ఇష్టపడ్డాడు. ఈ నియమం గురించి అతన్ని ఇంతవరకూ ఎవరూ అడగలేదనుకుంటాను. "హాల్లో తిన్న ప్రతి ఇడ్లీకీ ఇంత ఉల్లాసం అని పైకి నివేదిక వెళ్తుందమ్మా. బయటికి వెళ్లిన ఇడ్లీని ఆనందంగా తిన్నారో, ఊరికే తిన్నారో మాకెలా తెలుస్తుంది? అది లెక్కలో ఆనందం లేని ఇడ్లీ అయిపోతుంది. అటువంటివి ఎక్కువైతే విడిది గ్రేడు పడిపోతుంది."

"ఊరికే తింటే నష్టం ఏవిటండీ?"

"అదే కదమ్మా, సంస్థ నివారించదలచినది."

అత్తయ్యగారు నన్ను మోచేత్తో పొడిచి, జనంలో పడి లోపలికి వెళ్లారు. కాసేపటికి చాలా నిదానంగా, కొంగు ముడిని రెండు చేతులా పొదివి పట్టుకుని బయటికి వచ్చారు. ఆవిడ అంత నిదానంగా నడవడం గుళ్లో తప్ప నేనెప్పుడూ చూడలేదు.

ధనుంజయ కూడా గమనించాడు. "బామ్మగారూ, కొంగులో ఏవిటండీ?"

"ప్రసాదం నాయనా."

"ఏ గుడిదండీ?"

"గుడిపేరు అడగడమేవిటి, కళ్లకద్దుకోక!"

కుర్రాడు మంచి ఇంట్లో పుట్టినవాడు. చటుక్కున దణ్ణం పెట్టాడు. దణ్ణం పెట్టడానికి తల వంచడంతో కొంగు దగ్గరగా కనబడి, దానికి అంటిన కొబ్బరి చట్నీ కూడా కనబడింది. ఇడ్లీలు రెండూ స్వాధీనం చేసుకున్నారు. పారెయ్యలేదు, అది చెప్పాలి. గౌరవంగా ఒక ప్లేటులో పెట్టి, లోపల బల్లమీద ఉంచి, తిరిగి ఉల్లాసంలో కలిపేశారు.

ఇంతలో మా వారు హారిణిని నడిపించుకుంటూ గుమ్మానికి కాస్త దూరంలోకి వచ్చారు. "వసుధా, ఏవైంది? వేళవుతోంది. ఇది అప్పుడే అటూ ఇటూ ఊగడం మొదలెట్టింది." ఆయన ధనుంజయ వైపు తిరిగి, ఓపిగ్గానే చెప్పారు. "చూడు బాబూ, పాపకి ఆటిజం. ఆ చప్పుట్లోకి రాలేదు. అంతే."

ఆ మాట వినగానే ధనుంజయ ముఖం మారిపోయింది. ముఖం నిండా వెలుగు. "అంటే... ప్రత్యేక అతిథి!" అంటూ ఫోన్ తీశాడు. క్షణంలో కొండలరావుగారు కండువా ఎగురుతుండగా పరుగెత్తుకొచ్చారు.

"ఎంత మాటమ్మా! గేటు దగ్గరే చెప్పవద్దూ! పోయిన నెలలోనే ఉత్తర్వులొచ్చాయి. ప్రత్యేక అతిథులు ఎవరొచ్చినా మొదటి వరసలో కూర్చోబెట్టాలి. డప్పులతో స్వాగతం, వేదిక మీద శాలువా, జ్ఞాపిక, పూలబొకే! మైకులో పేరు మూడుసార్లు చెప్పాలి!"

"మొదటి వరస అంటే ఆ సౌండ్ బాక్సుల పక్కనా అండీ?"

"పక్కనే! అక్కడ కూర్చుంటే చప్పుడు సరాసరి గుండెల్లో తగుల్తుందమ్మా. పెద్దపెద్దవాళ్లకి తప్ప ఇవ్వం."

"మాకు సన్మానం వద్దండీ. రెండు ఇడ్లీలు బయటికి ఇప్పించండి చాలు."

"సన్మానం కాగానే ఇడ్లీలు."

"సన్మానం లేకుండా?"

ఆయన నిజంగానే నొచ్చుకున్నారు. "ప్రత్యేక అతిథి వస్తే శాలువా కప్పకుండా, అన్నం పెట్టి పంపించేస్తామా? మేం మనుషులం కామా అమ్మా?"

"పోనీ చప్పుడు కాస్త తగ్గించండి, ఓ పావుగంట."

"తగ్గిస్తే ఉల్లాసం తగ్గదా! అందులోనూ ఇవాళ ప్రాంతీయ సంచాలకులవారు స్వయంగా వస్తున్నారు." ఆయన వెనక్కి చెయ్యి చాపారు. ఎవరో ఆ చేతిలో శాలువా పెట్టారు. జరీ అంచుది. "పోనీ, పాప లోపలికి రాకపోతే మేమే వస్తాం. డప్పులవాళ్లని కూడా బయటికి పిలిపిస్తాను. ఏరా, రండ్రా!"

శాలువా విప్పి పట్టుకుని ఆయన గుమ్మం వైపు వస్తున్నారు. వెనక డప్పులు. హారిణి చెవులమీది చేతులు తియ్యకుండానే ఆయన్ని సూటిగా చూసింది. అది తన మాటలు తక్కువ మాట్లాడుతుంది. విన్న మాటలు దాచుకుని, కావలసినప్పుడు తీసి వాడుతుంది.

"దాటరాదు!" అంది, అచ్చం ధనుంజయ గొంతుతో. "హాలు దాటరాదు!"

కొండలరావుగారు గడప మీదికి కాలు ఎత్తినవారు ఎత్తినట్టే ఆగిపోయారు. నియమం వినబడితే ఆగిపోవడం ఆయనకి పాతికేళ్ల సర్వీసు నేర్పిన అలవాటు. డప్పులవాళ్లూ ఆగారు. అత్తయ్యగారు, "దీన్ని ఉద్యోగంలో పెట్టుకోండి నాయనా, మీకు పనికొస్తుంది" అన్నారు.

ఆ సమయానికే కారొచ్చి ఆగింది. ప్రాంతీయ సంచాలకులు అనంతపద్మనాభంగారు దిగారు. తెల్లటి బట్టలు, సన్నఫ్రేము కళ్లజోడు, దయగల ముఖం. ఆయన గుమ్మంలో ఈ గుంపుని చూసి విషయం కనుక్కున్నారు. నేను మొదటినుంచీ చెప్పాను. ఆయన మధ్యలో అడ్డురాకుండా, తల ఊపుతూ, పూర్తిగా విన్నారు. ఇంతవరకూ పూర్తిగా విన్నవాళ్లు ఎవరూ లేరు కాబట్టి నాకు ప్రాణం లేచొచ్చింది.

"చప్పుడు పడని పిల్ల" అన్నారాయన, కళ్లు సగం మూసుకుని. "ఎంత చక్కటి అవకాశం కొండలరావూ! మనకి ఇన్నాళ్లూ తట్టనేలేదు. నిశ్శబ్దం కోరే అతిథులకు నిశ్శబ్దం అందించడం సంస్థ బాధ్యత కాదా? తక్షణం నిశ్శబ్ద భోజనశాల ఏర్పాటు చెయ్యండి. రాష్ట్రంలో మొట్టమొదటిది మనదే కావాలి."

"ఎక్కడండయ్యా?"

"ఆ క్యారమ్స్ గది ఏం చేస్తున్నారు?"

పచ్చికకి అవతలి పక్క, హాలుకి ఎదురుగా, ఖాళీ గది ఒకటుంది. సంస్థ వారిని ఎన్నైనా అనవచ్చు గానీ, పై అధికారి నిలబడి ఉంటే వాళ్ల పని వేగం చూడవలసిందే. క్యారమ్ బల్లలు బయటికి వచ్చాయి, భోజనబల్ల లోపలికి వెళ్లింది. దానిమీద తెల్లటి గుడ్డ, తెల్లటి ప్లేటు, ప్లేటులో ఇడ్లీలు, గిన్నెలో పెరుగన్నం. ఆహారం హాలు దాటడానికి సంచాలకులవారు నోటిమాటగా మినహాయింపు ఇచ్చారు. గది తలుపు వేసుకుంటే పంకా చప్పుడు తప్ప మరేమీ వినబడదు. ఎనిమిది ఇంకా కాలేదు. నేను హారిణి చెయ్యి పట్టుకున్నాను.

"పద బుజ్జీ, ఇడ్లీ."

"ఇడ్లీ" అంది అది, చేతులు కాస్త కిందికి దించి.

"ఆగండమ్మా ఆగండి!" కొండలరావుగారు గదికి అడ్డంగా నిలబడ్డారు. "ప్రారంభం కాకుండానే?"

గుమ్మానికి అడ్డంగా ధనుంజయ ఎర్ర రిబ్బను కడుతున్నాడు.

"ప్రారంభం కాని శాలలో భోజనం చేస్తే, అది భోజనం కిందికి రాదమ్మా" అని సంచాలకులవారు ప్రేమగా వివరించారు.

"అయితే గబుక్కున కత్తిరించెయ్యండి సార్" అన్నారు మా వారు. "ఒక్క నిమిషం పని. చప్పుడు లేకుండా అయిపోతుంది."

సంచాలకులవారు కళ్లజోడు తీసి మా వారిని చూశారు. "ఇంత మంచి పని, చప్పుడు లేకుండా చేస్తామా అండీ?"

తర్వాత జరిగినదంతా ఆ ఒక్క మాట నుంచే వచ్చింది. కాబట్టి ఆయన తప్పేమీ లేదని నా ఉద్దేశం. మన ఊళ్లలో ఏ మంచిపని చప్పుడు లేకుండా జరిగింది గనక! మౌనవ్రతానికి కూడా ముందు భజంత్రీలు పెట్టేవాళ్లం.

హాల్లో మైకు పట్టుకున్న అమ్మాయి ప్రకటించింది. "ప్రియమైన అతిథులారా! విందు కాసేపు, చిందు కాసేపు ఆపి, అందరూ నిశ్శబ్ద భోజనశాల ప్రారంభోత్సవానికి ఊరేగింపుగా రావలసిందిగా కోరుతున్నాం! గట్టిగా చప్పట్లు కొడుతూ రండి!" ముందు డప్పులు, వెనక నాదస్వరం, ఆ వెనక చక్రాల బల్లల మీద నాలుగు సౌండ్ బాక్సులు. వాటి వెనక ఇద్దరు మనుషులు గోడనుంచి ఉల్లాసమాపకాన్ని దింపి, పెళ్లికూతుర్ని తెచ్చినట్టు తట్టలో పెట్టి తెస్తున్నారు.

"అది దేనికయ్యా ఇప్పుడు?" అని అడిగారు మా వారు.

"నిశ్శబ్దం ఎంత వచ్చిందో కొలవొద్దాండీ?" అన్నాడు ధనుంజయ.

నాకు మిగతా ఊరేగింపు చూసే తీరిక లేదు. హారిణి పచ్చికలో గొంతుక్కూర్చుని, మోకాళ్లమధ్య తల దూర్చేసింది. గొంతులోంచి సన్నగా ఒక రాగం వస్తోంది. ఆ రాగం తర్వాత ఏమొస్తుందో నాకు తెలుసు. "మీరిద్దరూ ఇక్కడుండి వాళ్లతో మాట్లాడండి" అని మా వారికి, అత్తయ్యగారికి చెప్పి, దాన్ని దాదాపు ఎత్తుకుని, పచ్చిక అంచు వెంట, ఊరేగింపు ఎటు వస్తోందో దానికి వ్యతిరేకంగా నడిచాను. వేరే ఆలోచనేమీ లేదు. చప్పుడు ఇటు వస్తోంది కాబట్టి అటు నడిచాను. జనమంతా మమ్మల్ని దాటుకుని ఇటు వచ్చేశారు. మేం అటు చేరేసరికి, ఎదురుగా హాలు తలుపులు బార్లా తెరిచి ఉన్నాయి.

లోపల ఒక్కరు లేరు.

లోపలికి వెళ్లి తలుపులు దగ్గరికి వేశాను. బరువైన తలుపులు, లోపలి పక్క మందంగా మెత్త వేసి ఉంది. లోపలి చప్పుడు ఒక్క పిసరు కూడా బయటికి పోయి వృథా కాకూడదని సంస్థ వారు ప్రత్యేకంగా చేయించారట. బయటి చప్పుడు కూడా లోపలికి రాలేదు. దూరంగా ఎవరో గోడకి మేకు కొడుతున్నట్టు వినిపించింది, అంతే.

హారిణి గొంతులో రాగం ఆగింది. ఒక చెవి మీద నుంచి చెయ్యి తీసింది. విని చూసింది. రెండోది తీసింది.

తర్వాత నా చెయ్యి వదిలేసి, తనే బల్ల దగ్గరికి వెళ్లి, ప్లేటు తీసుకుని ఇడ్లీలు పెట్టుకుంది. చట్నీ గిన్నెని రెండు వేళ్లతో దూరం జరిపింది. మొదటి వరసలో, వేదిక ఎదుట, ప్రత్యేక అతిథి అని కాగితం అంటించిన కుర్చీలో కూర్చుంది. తినడం మొదలుపెట్టింది. నేను పక్క కుర్చీలో కూర్చుని మనసులో నియమావళి అంతా ఒకసారి తిరగేసుకున్నాను. ఆహారం హాలు దాటలేదు, పాత్ర దాటలేదు, అతిథి మొదటి వరసలోనే ఉంది. మేం ఒక్క నియమం కూడా తప్పలేదు.

కాసేపటికి తలుపు కొంచెం తెరుచుకుంది. మా పక్కగదిలో దిగిన పెద్దాయన, ఆయన భార్య. ఇద్దరికీ చక్కెర వ్యాధి, వేళకి తినాలి.

"ఇదేనా అమ్మా నిశ్శబ్ద భోజనశాల?" అన్నారాయన రహస్యంగా.

"కాదండీ. అది ఎదురుగా ఉంది. ఇది చిందు హాలు."

"అమ్మయ్య" అని తలుపు వేసి, ప్లేట్లు తీసుకున్నారు.

తర్వాత చంకలో నిద్రపోయిన బిడ్డతో ఒకామె వచ్చింది. ఆ తర్వాత కొత్తగా పెళ్లైన జంట. ఇక్కడికొచ్చి మూడు రోజులైందట, ఒకరి మాట ఒకరికి వినబడడం ఇదే మొదలట. ఎవరూ ఎవర్నీ మాట్లాడొద్దనలేదు. అవసరమైనంత మాట్లాడుకున్నారు, మిగతా సేపు తిన్నారు. గరిటెలు గిన్నెల్లో పడుతున్న చప్పుడు ఎంత మర్యాదగా ఉందో! ముప్పై రకాల్లో దోసకాయ పప్పు బాగుందని అందరికీ ఆ రాత్రే తెలిసింది. అంతవరకూ రుచి చూసే తీరిక ఎవరికీ దొరకలేదు.

ఎదుటి పక్క జరిగింది మా వారు తర్వాత చెప్పారు. జ్యోతి ప్రజ్వలన అయిందట. సీమటపాకాయల సరం కాల్చారట. సంచాలకులవారు మైకులో, 'నిశ్శబ్దం మన సంస్కృతిలోనే ఉంది' అని ప్రారంభించి, మాట చివర్లు మార్మోగుతుంటే చాలాసేపు నిశ్శబ్దాన్ని కీర్తించారట. ప్రత్యేక అతిథి కనబడలేదు కాబట్టి, తండ్రికి శాలువా కప్పేశారు. తర్వాత బామ్మగారిని రెండు మాటలు మాట్లాడమన్నారు.

మా అత్తయ్యగారు జీవితంలో మొదటిసారి మైకు పట్టుకున్నారు. మొహమాటపడలేదు. "నాకు ఉపన్యాసాలు రావు నాయనలారా" అన్నారట. "పిల్ల అన్నం తినాలి. మీరంతా కాసేపు నోరు మూసుకుంటే తింటుంది. అంతే."

జనం విరగబడి చప్పట్లు కొట్టారట. ఈలలు వేశారట. డప్పులవాళ్లు ఆగలేక వాయించారు. 'వన్స్ మోర్' అన్నారు. ఆవిడ కోపంగా మళ్లీ అదే మాట అంటే ఇంకా గట్టిగా కొట్టారు. ఉల్లాసమాపకంలో అంకెలు అంతకుముందెన్నడూ చూడని చోటికి వెళ్లి వణుకుతూ నిలబడ్డాయట.

హాలు తలుపు మళ్లీ తెరుచుకుంది. ఈసారి కొండలరావుగారు. మమ్మల్ని వెతుక్కుంటూ వచ్చినట్టున్నారు, నుదుటి నిండా చెమట. ఖాళీగా ఉండవలసిన హాల్లో సగం బల్లల దగ్గర జనం కూర్చుని నెమ్మదిగా తింటుండడం చూసి నిలబడిపోయారు. వేదిక ఖాళీ. గోడమీద మాపకం లేదు. ఇక్కడ జరుగుతున్న దాన్ని ఏమనాలో ఆయనకి నియమావళి చెప్పలేదు.

"ప్రత్యేక అతిథి ఇక్కడున్నారేవిటమ్మా" అన్నారు. అన్నాక, తన గొంతు తనకే వింతగా తోచినట్టు ఒక క్షణం ఆగారు. గుసగుసగా మాట్లాడుతున్నారు మరి. "అక్కడ శాల ప్రారంభమైపోయింది. మీకోసం ఇడ్లీలు పెట్టి ఉంచాం. ఇక్కడ చూస్తే ప్రోగ్రామే లేదు. మీకు ఇబ్బందిగా లేదూ?"

"సర్దుకుంటున్నామండీ" అన్నాను.

హారిణి రెండో ఇడ్లీ పూర్తి చేసి పెరుగన్నం కలుపుకుంటోంది. నా కళ్లు దాని ప్లేటు మీదే ఉన్నాయి. సగం కూడా కాలేదు. "ప్రోగ్రాం మళ్లీ ఇక్కడికే తెస్తారా అండీ ఇప్పుడు?"

"తేవాల్సిందేనమ్మా. ఇంక వందన సమర్పణ ఒక్కటే ఉంది."

నేను ఏదో అనబోతుండగా ధనుంజయ పరుగున వచ్చాడు. "సార్, రికార్డు సార్! నూటపద్నాలుగు! మన చిందు హాల్లో ఎప్పుడూ నూటమూడు దాటలేదు. నిశ్శబ్ద భోజనశాల దాన్ని కొట్టేసింది సార్! సంచాలకులవారికి నోట మాట లేదు. అంటే, మాట్లాడుతూనే ఉన్నారనుకోండి. సంస్థ చరిత్రలో ఇంత ఉల్లాసం ఎక్కడా నమోదు కాలేదట. ఇక్కడికి తిరిగి రావద్దన్నారు. ఈ పూట ప్రోగ్రాం అంతా నిశ్శబ్దశాల ముందే కానిచ్చెయ్యమన్నారు."

కొండలరావుగారు కుర్చీలో కూలబడ్డారు, సంతోషంతో. నేనూ ఊపిరి వదిలాను. పెరుగన్నం గిన్నెని హారిణికి ఇంకాస్త దగ్గరికి జరిపాను.

"మరి రేపు?" అన్నాను.

"రేపా అండీ?" ధనుంజయ జేబులోంచి చీటీ తీసి చదివాడు. "అసలు ప్రారంభోత్సవానికి పెద్దలెవరో రావాలి. వారి తేదీ దొరికేదాకా, ప్రతి రాత్రీ భోజనాల వేళకి, ఇదే స్థాయిలో తాత్కాలిక ప్రారంభోత్సవం జరపాలని ఆదేశం. రిబ్బను తానుల లెక్కన తెప్పించమన్నారు."

మా వారు అప్పుడే జరీ శాలువాతో, చెవిలో వేలు పెట్టి తిప్పుకుంటూ లోపలికి వచ్చారు. వెనకే అత్తయ్యగారు, మెడలో బంతిపూలదండ, ముఖం నిండా కోపం. "తెల్లారగానే వెళ్లిపోదాం వసుధా" అన్నారు మా వారు గట్టిగా. వినబడుతోందో లేదో తెలియక గట్టిగా అంటున్నారు. హారిణి తలెత్తి చూసింది. నేను వేలు పెదవి మీద పెట్టాను. ఆయన చుట్టూ చూశారు. తింటున్న వాళ్లని చూశారు, కూతురి ప్లేటు చూశారు. శాలువా మడిచి ఒళ్లో పెట్టుకుని, చప్పుడు కాకుండా కూర్చున్నారు.

"మేనేజరుగారూ" అన్నాను. "మా గది ఇంకో నాలుగు రోజులు పొడిగించడానికి వీలవుతుందా?"

కొండలరావుగారి కళ్లు చెమర్చాయి. "నిశ్శబ్ద భోజనశాల అంతగా నచ్చిందా అమ్మా!"

"చాలా నచ్చిందండీ. ఒక్కటే మనవి. రేపు ఉపన్యాసాలు కాస్త పొడుగ్గా ఉండేలా చూడండి. మా అమ్మాయి నెమ్మదిగా తింటుంది."